68కీ 71కీ మధ్య



వైకల్యం ఎంత శాతమో డాక్టర్ల బోర్డు చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్ అన్న మాట వినని ఊరు తెలుగునాట ఉండదు. "స్లాట్ దొరికిందా?", "క్యాంపుకి వెళ్ళొచ్చారా?", "పర్సెంటేజీ ఎంత వేశారు?" అని రచ్చబండ దగ్గర మాటలు నడుస్తూనే ఉంటాయి. ఆ పర్సెంటేజీలో అందరి కళ్ళూ 40 మీదే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 40 శాతాన్ని గీతగా పెట్టింది. పింఛను, ప్రభుత్వ ఉద్యోగంలో రిజర్వేషను, పై చదువుల్లో సీటు, ఆదాయపు పన్నులో తగ్గింపు, ఇవన్నీ ఆ గీత అందుకున్నవాళ్ళకే. వికలాంగ పింఛను తెలంగాణలో నెలకి 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 6,000. గీతకి ఇటున్నవాడి బతుక్కీ అటున్నవాడి బతుక్కీ పెద్ద తేడా లేకపోవచ్చు. తేడా అంతా బ్యాంకు పాసుబుక్కులో కనిపిస్తుంది.

కాలు పొట్టిగా ఉంటే టేపు పెట్టి కొలుస్తారు. చూపుకి అక్షరాల చార్టుంది, వినికిడికి యంత్రముంది. ఆటిజం ఉన్న మనిషిని దేనితో కొలుస్తారు? అదీ పిల్లాణ్ణి కాదు, పాతికేళ్ళో ముప్ఫయ్యేళ్ళో దాటిన మనిషిని? కొలిచి "అర్హత లేదు" అని రాసిచ్చేస్తే ఆ మనిషి ఏం చెయ్యాలి? ఈ పూట నేను చెప్పబోయేది దాని గురించే.

నేను డాక్టర్ని కాను. ప్రభుత్వాఫీసులో ఫైళ్ళ మధ్య నౌకరీ చేసి రిటైరైనవాణ్ణి. అర్జీలూ అప్పీళ్ళూ రాసిపెట్టమని మా వీధిలోవాళ్ళు వస్తుంటారు, రాసిపెడుతుంటాను. అలా ఆటిజం కాగితాలు నా బల్లమీదికి వచ్చాయి. కాబట్టి వైద్యం మాట నన్నడక్కండి. ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఎందుకు తిరిగొస్తుందో మాత్రం చెప్పగలను.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1995 నాటి పాత చట్టంలో వైకల్యాలు ఏడే. వాటిలో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం ఆ పేరు పలికింది గానీ, ఉద్యోగాల రిజర్వేషన్ల దాకా అది రాలేదు. 2016 చట్టం జాబితాని 21కి పెంచి అందులో ఆటిజాన్ని చేర్చింది. అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అంటే 1985లోనో 1990లోనో పుట్టిన పిల్లలు బడిలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళకున్నది ఏ సర్టిఫికెట్ మీదా లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే తెలివితేటల పరీక్ష పెట్టేవారు. మార్కులు తక్కువొస్తే 'ఎంఆర్', అంటే మెంటల్ రిటార్డేషన్, అని సర్టిఫికెట్ ఇచ్చేవారు. మార్కులు బాగా వస్తే "మీవాడికేం లేదమ్మా, కాస్త సిగ్గరి, పెద్దయ్యాక అదే పోతుంది" అని పంపేసేవారు. అలా పంపేసిన పిల్లలే ఇవాళ ముప్ఫైల్లో, నలభైల్లో ఉండి, మొదటిసారి బోర్డు ముందుకొస్తున్నారు.

ఇక కొలబద్ద సంగతి. మన దేశంలో ఆటిజం శాతం కట్టడానికి వాడే స్కేలు పేరు ఐసా. ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం అని దాని పూర్తి పేరు. ఇది ఎక్కడో ఢిల్లీలో పుట్టింది కాదు, మన సికింద్రాబాద్‌లోనే, బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థలో తయారైంది. అప్పట్లో ఆ సంస్థని ఎన్‌ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. స్కేల్లో 40 అంశాలున్నాయి. మనుషులతో మెలగడం, భావాలు, మాట, ప్రవర్తన, ఇంద్రియాలు, ఆలోచన అని ఆరు భాగాలుగా సర్దారు. ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా మార్కులు. ఆ లక్షణం ఎప్పుడో అరుదుగా కనబడితే 1, ఎప్పుడూ ఉంటే 5. గమనించండి, ఏమీ లేకపోయినా ఒక్కోదానికి 1 పడుతుంది గనక ఎవరికైనా 40 మార్కులు వచ్చి తీరతాయి. మొత్తం 200. 70కి లోపు వస్తే ఆటిజం లేదని లెక్క. సరిగ్గా 70 వస్తే 40 శాతం. 71 నుంచి 88 దాకా 50 శాతం. అలా మెట్లుమెట్లుగా 158 దాటితే నూటికి నూరు.

ఈ పట్టికని ఒకటికి రెండుసార్లు చూడమని నా దగ్గరికొచ్చే ప్రతివాళ్ళకీ చెబుతాను. ఇందులో 40 శాతానికి కింద మెట్టే లేదు. ఆటిజం ఉందని తేలిందా, శాతం 40 దగ్గరే మొదలవుతుంది. కాబట్టి కాగితం మీద ఒకపక్క ఆటిజం అని రాసి, ఇంకోపక్క 30 శాతం అని వేసిస్తే, ఆ 30 ఏ పట్టికలోంచి వచ్చిందని మర్యాదగా అడగొచ్చు. అప్పీలు రాయడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. 68 వచ్చినవాడికి ఏమీ రాదు. 71 వచ్చినవాడికి 50 శాతం. మధ్యలో ఉన్నది మూడంటే మూడు మార్కులు. మూడు అంశాల్లో 1 వెయ్యాల్సినచోట 2 వేస్తే కథంతా మారిపోతుంది. అందుకే "నాకు అన్యాయం జరిగింది, దయతో పరిశీలించగలరు" అని మూడు పేజీలు రాసినా కదలని ఫైలు, "ఫలానా అంశంలో ఇన్ని మార్కులు ఎందుకు పడాలి" అని అర పేజీ రాస్తే కదులుతుంది.

మరి ఆ మార్కులు ఎందుకు తప్పుతాయి? డాక్టర్లు చెడ్డవాళ్ళని నేననను. క్యాంపు రోజున వరండాలో ఎంతమంది కూర్చుని ఉంటారో మీకు తెలుసు. పైగా దొంగ సర్టిఫికెట్ల గొడవలు పేపర్లలో వచ్చినప్పుడల్లా బోర్డులు ఇంకా బిగుసుకుంటాయి. అసలు తంటా ఇంకోచోట ఉంది. ఈ స్కేలు ఎంతసేపూ పిల్లల్ని మనసులో పెట్టుకుని కట్టినది. ఒంటరిగా, చేసిందే చేస్తూ ఆడుకుంటాడా అని ఒక అంశం. ముప్ఫై ఒక్కేళ్ళ మనిషి ఏం ఆడతాడు? హోల్‌సేల్ కొట్లో వెనకగదిలో కూర్చుని పద్దులు రాస్తాడు. ఆ పద్దు ఒకే రంగు పెన్నుతో, ఒకే కుర్చీలో, ఒకే వేళకి రాయకపోతే ఆ రోజంతా పాడైపోతుంది. అది ఆ అంశం కిందికే వస్తుందని చెప్పేవాళ్ళు లేకపోతే అక్కడ 1 పడిపోతుంది.

ఇప్పుడు చెప్పిన పద్దుల మనిషి ఒకాయన నిజంగానే నా దగ్గరికొచ్చాడు. బీకాం చదివాడు. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం వికలాంగుల కోటా ఉంది కదా, అందులో 1 శాతంలో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం అన్నీ కలిపి ఉంటాయి. దానికోసం సర్టిఫికెట్ కావాలనుకున్నాడు. బోర్డుకి వెళ్ళాడు, 68 వచ్చింది. వాళ్ళమ్మగారు చెబుతుంటే, అక్కడ ఏం జరిగుంటుందో నా కళ్ళకి కట్టింది.

బోర్డు గదిలో మన కుటుంబాలు పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుంటాయి. తలదువ్వి, ఇస్త్రీ బట్టలు వేసి, "డాక్టరుగారికి నమస్కారం పెట్టు నాన్నా" అని దారిపొడుగునా నేర్పి తీసుకెళ్తారు. లోపల డాక్టరు "అబ్బాయి తన పనులు తను చేసుకుంటాడా అమ్మా?" అంటే తల్లి ఏమంటుంది? "అన్నీ చేసుకుంటాడండీ, మావాడు బంగారం" అంటుంది. ఆ మాటలో అబద్ధం లేదు, ఆశ ఉంది, కొంచెం పరువూ ఉంది. స్నానానికి రోజూ ఆవిడే మూడుసార్లు తలుపు తట్టి చెప్పాలని, నీళ్ళ వేడి కాస్త అటూఇటూ అయితే ఆ పూట స్నానమే ఉండదని ఆ గదిలో ఆవిడకి గుర్తు రాదు. ముప్ఫయ్యేళ్ళుగా చేస్తున్న పని గనక అది పని అనే సంగతే మర్చిపోయింది. పైగా ఇంట్లో పెళ్ళికావలసిన చెల్లెలుంది. "అన్నకి ఏదో ఉందట" అన్న మాట పాకితే సంబంధాలు తిరిగిపోతాయని భయం. అబ్బాయి మణికట్టు మీద పళ్ళ గాట్లున్నాయి. మనసు తట్టుకోలేనప్పుడు తన చెయ్యి తనే కొరుక్కుంటాడు. ఆ రోజు తల్లి పొడుగు చేతుల చొక్కా వేసి తీసుకెళ్ళింది. తనని తను గాయపరచుకోవడం ఆ స్కేల్లో ఒక అంశం. చొక్కా కింద ఉన్నది డాక్టరుకి ఎలా తెలుస్తుంది? 1 వేశారు.

అబ్బాయి వైపు నుంచి చూడండి. ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామంది అడిగిన ప్రశ్నకి అడిగినంతవరకే, ఉన్నదున్నట్టు జవాబిస్తారు. "వంట వచ్చా?" వచ్చు. వచ్చిన మాట నిజం, ఉప్మా ఒకసారి చేశాడు. పోపు చిటపటలకి చెవులు మూసుకుని పొయ్యి ఆపకుండా బయటికి పరుగెత్తాడన్నది వేరే ప్రశ్న, అది ఎవరూ అడగలేదు. "ఒక్కడివే బస్సులో వెళ్తావా?" వెళ్తాను. రోజూ వెళ్ళే బస్సు, రోజూ కూర్చునే సీటు అయితే వెళ్తాడు. వినాయక నిమజ్జనం రోజున బస్సులు దారి మళ్ళిస్తే తెలియనిచోట దిగి, ఎవర్నీ అడగలేక ఫుట్‌పాత్ మీద చీకటిపడేదాకా నిలబడిపోయాడు. "స్నేహితులున్నారా?" ఇద్దరున్నారు. ఎవరంటే, టీ కొట్టు దగ్గర రోజూ కనబడే ఇద్దరు. వాళ్ళకి ఇతని పేరు తెలియదు. డాక్టరు రాసుకున్నారు: వంట వచ్చు, ఒంటరి ప్రయాణం చేయగలడు, స్నేహితులున్నారు. మాట వెనకున్న అసలు ఉద్దేశం పట్టుకోలేకపోవడం కూడా ఆ స్కేల్లో ఒక అంశమే. అంటే ఆ జవాబులే లక్షణం. వాటినే లక్షణం లేదనడానికి సాక్ష్యంగా రాసేశారు.

ఇదే తంటా వేరే దేశాల్లోనూ ఉంది. బ్రిటన్‌లో పెద్దవాళ్ళ వైకల్య భత్యానికి 2013 నుంచి పిప్ అని ఒక పద్ధతి నడుస్తోంది. అక్కడ శాతాలు లేవు, పాయింట్లున్నాయి. రోజువారీ పనుల్లో 8 పాయింట్లు వస్తే ఒక రేటు, 12 వస్తే ఇంకాస్త పై రేటు. నాకు నచ్చింది వాళ్ళ నియమాల్లో ఉన్న ఒక షరతు. మనిషి ఒక పని చేయగలడని రాయాలంటే ఆ పని ప్రమాదం లేకుండా చెయ్యాలి, సరైన తీరులో చెయ్యాలి, ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లూ చెయ్యగలగాలి, మామూలు మనిషికి పట్టే సమయానికి రెట్టింపుకి మించి పట్టకూడదు. ఈ నాలుగూ కలిస్తేనే చేయగలడని. లేకపోతే చేయలేడనే. అయినా అక్కడ ట్రిబ్యునల్ దాకా వెళ్ళిన పిప్ కేసుల్లో ఏళ్ళ తరబడి సగానికి పైగా దరఖాస్తుదారులే గెలుస్తున్నారంటే, మొదటి పరీక్షలు ఎలా జరుగుతున్నాయో మీరే ఊహించుకోండి. నలుగురితో కలవడానికి ఎవరైనా వెన్నుతట్టి సాయపడాల్సి రావడాన్ని ఎలా లెక్కకట్టాలన్న గొడవ 2019లో ఆ దేశపు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. సాయపడే మనిషి ఆ క్షణాన పక్కనే ఉండాలనేం లేదు, ముందే ధైర్యం చెప్పి పంపినా అది సాయమేనని కోర్టు ఒప్పుకుంది.

వాళ్ళ రూలు మన బోర్డుని కట్టిపడెయ్యదు. కానీ ఆ నాలుగు ప్రశ్నలూ అడుక్కుంటూ అప్పీలు రాస్తే రాయాల్సినవన్నీ వాటంతటవే బయటికొస్తాయి. పద్దుల అబ్బాయి విషయంలో మేం చేసిందదే. తల్లిని కూర్చోబెట్టి, ఒక మామూలు మంగళవారం పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏం జరిగిందో చెప్పమన్నాను. పండుగా జబ్బూ లేని రోజు. ఎవరు ఎన్నిసార్లు గుర్తుచేశారు, ఏది జరగకుండా ఆగిపోయింది, ఏ చప్పుడుకి ఏమైంది. ఆవిడ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "ఇవన్నీ కూడా రాస్తారా?" అంది. అవే రాయాలి. అబ్బాయి తనంతట తను ఒక పేజీ రాసిచ్చాడు. నోటితో చెప్పలేనివాళ్ళు రాతలో ఎంత తేటగా చెబుతారో చూసి ఆశ్చర్యపోయాను.

ఆ తర్వాత పాత కాగితాల వేట. పెద్ద వయసులో వచ్చేవాళ్ళకి ఇదే కీలకం, ఎందుకంటే ఆటిజం చిన్నప్పటి నుంచీ ఉన్నదే అయ్యుండాలి. బడి ప్రోగ్రెస్ కార్డుల్లో టీచర్లు రాసిన మాటలు చూడండి. "క్లాసులో ఎవరితోనూ కలవడు", "చెప్పిందే చెబుతాడు" అని నాలుగో తరగతి పంతులమ్మ రాసిన ఒక్క వాక్యం పది సిఫారసు ఉత్తరాల పెట్టు. మానేసిన ఉద్యోగాల నుంచి వచ్చిన మెమోలు, క్లినికల్ సైకాలజిస్టు రిపోర్టు, పాత మందుల చీటీలు కూడా పనికొస్తాయి. అమ్మానాన్నా లేకపోతే అక్కో మేనమామో చూసింది చూసినట్టు సంతకం పెట్టి రాసివ్వొచ్చు.

ఇన్నీ చేశాక ఆ అబ్బాయికి మళ్ళీ పరీక్ష జరిగింది. చెయ్యి కొరుక్కోవడానికి 1 ఉన్నది 3 అయింది. చప్పుళ్ళకి తట్టుకోలేకపోవడం 1 నుంచి 3 అయింది. మార్పుని భరించలేకపోవడం 2 నుంచి 4. మొత్తం 74.

ఇప్పుడు దారి చెబుతాను. బోర్డు కాదంటే ఎందుకు కాదన్నారో లిఖితపూర్వకంగా ఇవ్వాలని 2017 నాటి నియమాలు చెబుతున్నాయి. దానికో నమూనా కూడా ఉంది, ఫారం 8. "ఆన్‌లైన్‌లో రిజెక్టెడ్ అని వచ్చిందండీ" అని ఫోను చూపిస్తే సరిపోదు, కారణం కాగితం మీద అడిగి తీసుకోండి. దాంతోపాటు మార్కుల షీటు కావాలి, ఏ అంశంలో ఎంత వేశారో. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ గురించి రాసిన కాగితం మీరు చూడ్డానికి ఎవరి దయా అక్కర్లేదు. అన్నట్టు, పరీక్షకి సంబంధించిన మార్గదర్శకాలని కేంద్రం 2024 మార్చిలో సవరించింది. మీవాడికి పాతవి వాడారా కొత్తవా అన్నదీ చూసుకోండి.

అప్పీలు హక్కు చట్టంలోనే ఉంది, 59వ సెక్షన్. ఎవరికి పెట్టుకోవాలో, ఎన్నాళ్ళలోగా పెట్టుకోవాలో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. అందుకని నోటీసు చేతికొచ్చిన తేదీని కవరు మీదే రాసిపెట్టుకోవాలి. కవరు పారెయ్యకండి, పోస్టు ముద్ర ఉండేది దానిమీదే. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగ పింఛన్లు తిరగదోడినప్పుడు, 40కి తగ్గిందని నోటీసులందుకున్నవాళ్ళకీ అప్పీలుకి అవకాశమిచ్చారు. నోటీసు రాగానే "ఇంకేముంది, పోయింది" అని ఊరుకున్నవాళ్ళని చూశాను. నోటీసు అంటే తీర్పు అనుకోవడం మనకి అలవాటైపోయింది.

అప్పీలు పెట్టేటప్పుడే ఇంకో కాగితం జతచెయ్యండి. పరీక్షకి పిలిచేటప్పుడు పొద్దున్నే మొదటి స్లాట్ ఇవ్వమని, జనం లేనిచోట కూర్చోబెట్టమని, పక్కన తెలిసిన మనిషిని ఉండనివ్వమని, ప్రశ్నలు రాసి ఇస్తే రాసి జవాబిస్తామని అడగండి. ఇలాంటి వెసులుబాటు అడగడం హక్కుగా చట్టం ఒప్పుకుంది. మూడు గంటలు ఫ్యాను చప్పుళ్ళ మధ్య, ఫినాయిలు వాసనలో కూర్చున్నాక ఆటిజం ఉన్న మనిషి లోపలికెళ్ళి ఏం మాట్లాడతాడు? కొందరు నోరు పెగలక కూర్చుంటారు. కొందరు ఎలాగోలా బయటపడితే చాలని అన్నిటికీ "అవును, బాగానే ఉన్నాను" అనేస్తారు. రెండోరకంవాళ్ళే ఎక్కువ నష్టపోతున్నారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆసుపత్రి గేటు దగ్గర సలహాలిచ్చే మహానుభావులుంటారు. "లోపల నోరు విప్పొద్దు, చేతులు ఊపుతూ ఉండు" అని నేర్పుతారు, దానికి డబ్బు కూడా తీసుకుంటారు. ఒప్పుకోవద్దు. నటన బయటపడితే నిజంగా ఉన్నదాన్ని కూడా ఎవరూ నమ్మరు. దాచకుండా ఉంటే చాలు.

అప్పీలు కూడా పోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నారు. సాక్షుల్ని పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలు ఆ కమిషనర్‌కి ఉన్నాయి. ఆపైన హైకోర్టు. లాయరు ఖర్చుకి భయపడొద్దు. వికలాంగులకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఫోనైతే 15100.

40 రాకపోయినా అంతా పోయిందనుకోకండి. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చి చెప్పింది. 40 శాతం అన్నది రిజర్వేషన్ల వంటివాటికి పెట్టుకున్న గీత. పరీక్షలో రాసిపెట్టే మనిషిని అడగడం వంటి వెసులుబాట్లకి ఆ గీత అడ్డు కాదు. ఆ కేసు వేసినాయనది ఆటిజం కాదు, రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బు. అయినా సూత్రం అందరికీ వర్తిస్తుంది. బోర్డులో ఆ గీత అందని ఆటిజం మనిషి తన ఆఫీసులో ట్యూబులైటు మిణుకుమిణుకులకి దూరంగా కుర్చీ వెయ్యమని, పని నోటితో కాకుండా రాసి చెప్పమని అడగొచ్చు.

చివరగా, కాగితం చేతికొచ్చిన రోజు చెయ్యాల్సిన పని. సంతోషంలో మడిచి బీరువాలో పెట్టెయ్యకండి. వైకల్యం పేరు ఏం రాశారో చదవండి. ఆటిజం బదులు మేధో వైకల్యం అని టైపు చేసిన సర్టిఫికెట్లు చూశాను. ఆ పేరుతో వెళ్తే రేపు ఉద్యోగ దరఖాస్తులో ఒకటి, సర్టిఫికెట్‌లో ఇంకొకటి ఉండి కొత్త తలనొప్పి మొదలవుతుంది. ఆధార్‌లో ఉన్న పేరూ ఇందులో ఉన్న పేరూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయో లేదో, సర్టిఫికెట్ శాశ్వతమా, ఫలానా తేదీదాకానా అన్నదీ చూడండి. తప్పుంటే ఆ కౌంటరు దగ్గరే, ఆ పూటే అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకుని మరీ ఇంటికి రండి.